పైలట్ గారి కుడిచెయ్యి

సైటులో ఆయన్ని అందరూ "పైలట్ గారూ" అని పిలిచేవాళ్ళు. గౌరవం అనుకునేరు, వట్టి వెక్కిరింపు. యాభైకి దగ్గరపడిన టవర్ క్రేన్ ఆపరేటరు, బట్టతల మీదికి నాలుగు వెంట్రుకలు దువ్వుకుని, సెలవు రోజుల్లో ఫ్లయింగ్ క్లబ్బుకి పోయి విమానం నడపడం నేర్చుకుంటున్నాడంటే జనం ఊరుకుంటారా? "పైలట్ గారూ, ఆ సిమెంటు బకెట్టు కాస్త మెల్లగా ల్యాండ్ చేయించండి" అని కింద నుంచి వాకీటాకీలో ఒకడంటే, "బెల్టులు పెట్టుకోండిరోయ్" అని పక్కవాడు అందుకునేవాడు. ఆయన నవ్వి ఊరుకునేవాడు.

వెక్కిరించనివాడు ఒక్కడే, ఆయన బావమరిది. భార్యకి తమ్ముడు, ఆ ఇంట్లోనే పెరిగి పెద్దయ్యాడు. క్రేను కింద నిలబడి బరువు ఎటు పోవాలో, ఎక్కడ ఆగాలో వాకీటాకీలో చెప్పే సిగ్నల్ పని వాడిది. పైన కూర్చున్నవాడికి కళ్ళూ చెవులూ వాడే. "మా బావ విమానం నడుపుతాడు తెలుసా?" అని కనపడిన ప్రతివాడికీ చెప్పుకుని తిరిగేవాడు.

అసలు ఆ పిచ్చి పట్టింది క్రేను క్యాబిన్‌లోనే. సగం జీవితం ఆ అద్దాల డబ్బాలో గడిచిపోయింది. పొద్దున్నే నిచ్చెన ఎక్కితే మధ్యాహ్నం క్యారేజీ కూడా తాడు మీద పైకి రావలసిందే. ఊళ్ళో అందరికంటే ఎత్తున ఉంటాడు, ఉన్నచోటి నుంచి మాత్రం జానెడు కదలడు. ఊరి చివరి మైదానం నుంచి క్లబ్బు వాళ్ళ చిన్న విమానాలు లేచి, సరిగ్గా ఆయన కళ్ళ ముందు నుంచే దర్జాగా వెళ్ళిపోయేవి. చూసి చూసి ఒళ్ళు మండి, ఒక రోజు క్లబ్బు గేటు దగ్గరికి పోయి నిలబడ్డాడు. హ్యాంగరులో, అంటే విమానాలు పెట్టే షెడ్డులో, ఇంజిన్లు దించి ఎక్కించే పని చేసిపెడితే పాఠాలు చెప్తామన్నారు. ఎగిరి గంతేశాడు.

చిక్కల్లా కంటితో వచ్చింది. ఎడమ కంట్లో మసక మొదలైందని, విమానం నడిపేవాళ్ళకి ఆరోగ్యం బాగుందని కాగితం ఇచ్చే డాక్టరు పసిగట్టాడు. ఈ ఒక్కసారికి సరేనని సంతకం పెడుతున్నానని, వచ్చేసారి తన దగ్గరికి రావద్దని ముఖానే చెప్పాడు. ఆ కాగితం గడువు లోపల ప్రైవేటు పైలట్ లైసెన్సు వస్తే వచ్చినట్టు, లేదంటే ఈ జన్మకి లేనట్టే.

"వచ్చినా ఎన్నాళ్ళు ఎగురుతారు?" అంది భార్య.

"ఒక్కసారి చాలు. లైసెన్సు ఉంటేనే పక్కన మనిషిని ఎక్కించుకోనిస్తారు. నిన్ను ఎక్కించుకుని ఒక చుట్టు తిప్పి దించేస్తా. ఆ తర్వాత కళ్ళు పోతే పోనీ."

"అయ్యో రామ, నేనెక్కను" అంది గానీ, ఆ పూటంతా ఆమె ముఖంలో నవ్వు పోలేదు.

పాఠాలు చెప్పేది ఆయనకి కూతురయ్యే వయసున్న మేడమ్. ఆమెకి తల ప్రాణం తోకకొచ్చింది. అంతా బాగానే నేర్చాడు, కుడిచెయ్యి ఒక్కటే మాట వినదు. క్రేనులో కుడిచేతి లివరు వెనక్కి లాగితే బరువు లేస్తుంది, ముందుకి తోస్తే దిగుతుంది, వదిలేస్తే ఎక్కడిదక్కడ ఆగిపోతుంది. అనుమానం వచ్చిందా, చెయ్యి వదిలెయ్. ఆ వృత్తిలో మొదటి పాఠమూ అదే, చివరి పాఠమూ అదే. విమానంలో ఆ కుడిచేతి కింద ఉండేది ఇంజిను పవరు. దిగేటప్పుడు చక్రాలు నేలకి తగిలి విమానం ఎగిరిపడితే, పవరు పూర్తిగా ముందుకి తోసి మళ్ళీ పైకి లేచిపోవాలి. ఈయనేమో పోలీసుల్ని చూసిన దొంగలా రెండు చేతులూ పైకెత్తేసేవాడు.

"చెయ్యి వదిలేస్తే ఆగడానికి ఇది మీ క్రేను కాదండీ!" మేడమ్ అరిచింది. "ఆగితే చచ్చిపోతాం. భయం వేసినా, అనుమానం వచ్చినా, ఎవరైనా ఆగమని కేకేసినా, చెయ్యి ముందుకే పోవాలి. ఆలోచించి కాదు, దానంతట అదే పోవాలి."

దానంతట అదే పోయేదాకా ఇంట్లో సాధన చేశాడు. వంటింట్లో కుర్చీ వేసుకుని, చేతి కింద అప్పడాల కర్ర పెట్టుకుని కళ్ళు మూసుకునేవాడు. భార్య కూర కలుపుతూ ఉన్నట్టుండి "ఆపు!" అని అరిచేది. చెయ్యి ముందుకి పోవాలి. బావమరిది తలుపు చాటు నుంచి పళ్ళెం నేలకేసి కొట్టేవాడు. చెయ్యి ముందుకి పోవాలి. అక్కాతమ్ముళ్ళు పొట్ట పట్టుకుని నవ్వేవాళ్ళు. ఆ ఇంట్లో అంత నవ్వు అంతకుముందూ లేదు, ఆ తర్వాతా లేదు.

చివరికి చెయ్యి మాట విన్నది. మేడమ్ దిగిపోయి ఆయన్ని ఒక్కణ్ణే పంపిన రోజున మైదానం చుట్టూ తిరిగి చక్కగా దిగాడు. దిగి, చక్రం పక్కన చతికిలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఇక మిగిలింది లైసెన్సు పరీక్ష ఒక్కటే. తేదీ కూడా ఇచ్చారు.

పరీక్ష ఇంకా రెండు వారాలు ఉందనగా, ఎండ బాగా ఎక్కిన వేళ, ఇనప కడ్డీల కట్ట ఒకటి శ్లాబు మీదికి దించుతున్నాడు. గాలికి కట్ట కాస్త తిరిగింది. దాన్ని సరిచెయ్యడానికి బావమరిది కట్ట కిందికి వచ్చాడు. కడ్డీ కొస సెంట్రింగు చెక్కకి తగులుకుంది. "ఆపు బావా, ఆపు!" అని వాకీటాకీలో కేక.

చెయ్యి ముందుకి పోయింది. పూర్తిగా, చివరిదాకా, దానంతట అదే.

బావమరిది మళ్ళీ మాట్లాడలేదు. పైన క్యాబిన్‌లో ఆయన తన కుడిచెయ్యి వంక చూస్తూ ఉండిపోయాడు. ఇద్దరు మనుషులు నిచ్చెనెక్కి వచ్చి దించేదాకా కదల్లేదు. ఏం జరిగిందో ఆయనకి ఆ క్షణమే తెలుసు. ఇంకెవరికీ తెలియదు.

ఇంజనీరు వచ్చి చూసి బ్రేకు జారిందన్నాడు. ముందు వారమే బ్రేకు మీద ఫిర్యాదు ఉంది, మెకానిక్ చూసి బాగానే ఉందన్నాడు. ఇంకేం, దోషి చేతికి చిక్కాడు. ముగ్గురు పిల్లల తండ్రి ఆ మెకానిక్, నోట్లో నాలుక లేని మనిషి. పోలీసులు అతన్ని పట్టుకుపోయారు. ఆపరేటరు ఏం చెప్తాడని అడిగితే, ఆపరేటరు తల వంచుకున్నాడు. సొంత బావమరిదిని పోగొట్టుకున్నవాణ్ణి గుచ్చి గుచ్చి అడగడానికి ఎవరికీ నోరు రాలేదు.

మెకానిక్ భార్య ఇంటికొచ్చింది. గుమ్మంలోనే నిలబడి, "అన్నా, నిజంగా బ్రేకు పట్టలేదా? ఆయన రెండుసార్లు చూశానని ఒట్టేస్తున్నాడు" అంది.

"నాకేం తెలీదమ్మా" అన్నాడు ఆయన.

పరీక్ష అయిపోనీ, చెప్పేస్తాను. ఇదీ ఆయన తనకి తాను చెప్పుకున్న మాట. ఇప్పుడే చెప్తే కేసు, కేసంటే పరీక్ష లేదు, ఈలోగా కంటి కాగితం గడువు తీరిపోతుంది. ఎన్నాళ్ళని, కొద్ది రోజులేగా, ఆ మెకానిక్ ఎలాగూ బయటికొస్తాడు. పిరికితనానికి లెక్కలు బాగా వస్తాయి. ఈ లెక్కతోనే రోజూ రెండు ముద్దలు మింగాడు, ఈ లెక్కతోనే నిద్రపోయాడు కూడా.

పరీక్ష రోజున, తమ్ముడు పోయాక మొదటిసారి, భార్య తనంతట తాను పొద్దున్నే లేచింది. "వెళ్ళి రండి. వాడు ఊరంతా చెప్పుకున్నాడు. మానేస్తే వాడి మాట పోతుంది" అంది.

వెళ్ళాడు. విమానం దిగబోతుండగా పరీక్షాధికారి ఉన్నట్టుండి "రన్‌వే మీద మనిషి!" అని అరిచాడు, పరీక్షించడానికే. చెయ్యి ముందుకి పోయింది. విమానం చక్కగా పైకి లేచింది. "ఇంత చురుకైన చెయ్యి నేను చూడలేదు" అన్నాడు అధికారి. పాసయ్యాడు. మేడమ్ చప్పట్లు కొడుతుంటే ఆయన కుడిచెయ్యి జేబులో దాచుకుని హ్యాంగరు వెనక్కి పోయాడు.

ఇంటికొచ్చి, గుమ్మం దగ్గర స్టూలు మీద కూలబడి బూట్లు విప్పబోతూ, "పాసయ్యాను" అన్నాడు. ఆ వెంటనే, ఊపిరి తీసుకోకుండా, చెయ్యి సంగతి చెప్పేశాడు. బ్రేకు జారలేదని, తనే తోశానని, వాడు ఆపమని అరిస్తేనే తోశానని.

ఆమె గోడకి ఆనుకుంది. వంటింట్లో "ఆపు" అని అరిచినదాన్ని నేనే కదా అంటుందేమోనని ఆయన భయపడ్డాడు. ఆమె ఆ మాట అనలేదు.

"ఎప్పుడు తెలిసింది మీకు?"

"అప్పుడే. క్యాబిన్‌లోనే."

"అంటే ఇవాళ పొద్దున నేను మీ చొక్కా ఇస్త్రీ చేస్తుంటే, మీరు పక్కన నిలబడి చూస్తున్నారే, అప్పుడూ తెలుసు."

ఆయన తలాడించాడు. ఆమె ఆ చొక్కా వంక చూసి ముఖం తిప్పుకుంది.

"రేపు పొద్దున్నే స్టేషనుకి వెళ్ళి చెప్పేస్తా" అన్నాడు.

"రేపా? ఆ మనిషి ఇంకో రాత్రి అక్కడ ఎందుకు పడుకోవాలి? మీరు ఇంట్లో పడుకోవడానికా?" ఆమె లోపలికెళ్ళి స్టవ్ ఆపి, తాళం చెవి పట్టుకొచ్చింది. "బూట్లు విప్పకండి. లేవండి."

ఆయన లేచాడు. ఆమె తలుపుకి తాళం వేసి, ఆయన కోసం ఆగకుండా ముందు నడిచింది. వీధి చివరిదాకా ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు. ఆయన వెనకాలే వస్తున్నాడా లేదా అని కూడా చూడలేదు.