కిరాయి ఇంటి సంపెంగ

వెలిమెల దాటాక కొత్తగా వెలసిన ఒక కాఫీ దుకాణంలో మొన్న స్నేహితుడి కోసం ఎదురుచూస్తుంటే, తల మీద సీసాలు ఒకదానికొకటి తగిలి సన్నగా మోగాయి. రంగు రంగుల ఖాళీ సీసాలను తీగకు గుచ్చి వేలాడదీశారు. కింద రంగులేసిన టైర్లలో పూలమొక్కలు, కేబుల్ చుట్టివచ్చే చెక్క చక్రమే బల్ల. నేను అటే చూస్తున్నానని గమనించి, కాఫీ తెచ్చిన అమ్మాయి "బొహీమియన్ స్టైల్ సార్. ఖర్చు కూడా తక్కువే" అంది. ఆ పేరు నాకు కొత్త. తోట మాత్రం తెలిసినదే. పటాన్‌చెరులో మా పక్క వాటాలో ఉండే కరుణమ్మ, ఏ పేరూ పెట్టకుండా, అచ్చం ఇలాంటిదాన్నే పెంచింది.

అప్పుడు నేనొక దినపత్రికకు పటాన్‌చెరు విలేకరిని. కొత్తగా పెళ్ళయింది. ఒకే ప్రహరీలో రెండు వాటాలు; ఒకదాంట్లో మేము, రెండోదాంట్లో కరుణమ్మ, ఆమె భర్త ప్రభుదాసు. ఆయన ఒక ఫ్యాక్టరీలో లేత్ మిషన్ మీద పని చేసేవాడు. ఆయన పారేసే ప్రతి వస్తువూ ఆమె చేతిలో కుండీ అయిపోయేది. పగిలిన హెల్మెట్‌లో నాచుపూలు, చిల్లుపడిన గమ్‌బూట్లలో బచ్చలితీగ, పాత సామాన్ల దుకాణం నుంచి మోసుకొచ్చిన వాష్‌బేసిన్‌లో పుదీనా. చిరిగిన చీరలను జడలల్లి, వాటితో డబ్బాలను దండేనికి వేలాడదీసేది. ఏ రంగు పక్కన ఏ రంగు అన్న ఆలోచనే ఉన్నట్టు కనిపించదు. కానీ ఒక్క డబ్బా జరిపినా వాకిలి వెలవెలబోయేది.

ఇల్లు ఒక పెద్ద రైతుది. పటేల్ అనేవాళ్ళం. కిరాయికి వచ్చినప్పుడల్లా గేటు దగ్గరే ఆగేవాడు.

"ఏంది కరుణమ్మా, నా ఇంటిని కబాడి దుకాణం జేస్తివి?"

"కబాడి దుకాణంల పువ్వులు పూస్తయా పటేలా? జెర లోపలికొచ్చి సూడు."

"వస్తె కాలు వెట్ట జాగేదమ్మా!" అని నవ్వుతూనే, పోయేటప్పుడు ఇంత పుదీనా తెంపుకుపోయేవాడు.

మేము వచ్చి చాలా నెలలైనా నా పుస్తకాలు తాళ్ళు కట్టిన అట్టపెట్టెల్లోనే ఉన్నాయి. బదిలీ ఎప్పుడొస్తుందో తెలియదు, విప్పడమెందుకని నా లెక్క. గోడకు మేకు కూడా కొట్టలేదు. ఒకరోజు మా ఆవిడకు కూర ఇవ్వడానికి వచ్చి, కరుణమ్మ గుమ్మంలో నిలబడి పెట్టెలన్నీ కలియజూసింది.

"ఏంది తమ్మీ, రైలు కోసం గూసున్నట్టు గూసున్నరు? ఈడ ఉన్నన్ని దినాలు గూడ బతుకే గద."

ఆ సాయంత్రమే తాళ్ళు విప్పాను. ఆ తరువాత నాకు నాలుగు ఊళ్ళకు బదిలీ అయింది. ఎక్కడికి వెళ్ళినా సామాను దించిన రోజే పుస్తకాలు బయటికి తీసేవాణ్ణి. ఈ అలవాటు ఆమె పెట్టిందే.

అయితే ఆమెకూ ఒక నియమం ఉండేది. నేలలో ఏదీ నాటదు. "భూమిల వెడితె పటేల్‌ది, డబ్బల వెడితె మనది" అనేది. పోయేరోజు ఎత్తి బండిలో పెట్టుకోవాలి, అంతే. ఒక పాత నూనె డ్రమ్ములో మాత్రం సంపెంగ ఉండేది. మిగతావన్నీ ఈ ఏడు పెడితే ఈ ఏడే పూసేవి. సంపెంగ అలా కాదు, ఏళ్ళు పడుతుంది. దాన్ని సొంతింటి కోసం దాచింది. చిట్టీ ఎత్తి వెలిమెల దిక్కు చిన్న ప్లాటు కొన్నప్పుడు, ఆ ఆదివారం చర్చి నుంచి వస్తూనే డ్రమ్మును ఆటోలో వేసుకుపోదామంది. ప్రభుదాసు వినలేదు.

"గోడ లేదు, ఏం లేదు. మేకలు నమిలి పోతయి. ఇల్లు గట్టినంక వెడుదువు."

ఆమె సరేనంది. దేనికీ ఆగని మనిషి దానికెందుకు ఆగిందో నాకు ఇప్పటికీ తెలియదు. సొంతమనే మాట మనిషిని అలా నెమ్మది చేస్తుందేమో.

గోడ లేవలేదు. ఫ్యాక్టరీ మూతపడింది. మళ్ళీ తెరుస్తారని గేటు ముందు టెంటు వేసుకుని కూర్చున్నవాళ్ళలో ప్రభుదాసూ ఉన్నాడు. ఆ వార్తలు రాసింది నేనే. తెరవలేదు. ప్లాటు అమ్ముకున్నారు. ఆయన పని వెతుక్కుంటూ పుణే వెళ్ళడానికి, ఆమె జోగిపేట దగ్గర తమ్ముడింట్లో ఉండడానికి ఖాయమైంది. ఖాళీ చేసే రోజు డబ్బాలు చాలావరకు ఇరుగుపొరుగుకు పంచేసింది. సంపెంగను మాత్రం వ్యాన్‌లో ఎక్కించమంది. నేనూ ప్రభుదాసూ చెరోవైపు పట్టాం. డ్రమ్ము కదల్లేదు. ఆయన గడ్డపారతో లేపబోయాడు. కరుణమ్మ వంగి అడుగున చెయ్యి పెట్టి చూసి, "ఆపుండ్రి" అంది.

అడుగు రేకు తుప్పుపట్టి రాలిపోయింది. వేళ్ళు ఎప్పుడో నేలలోకి దిగిపోయాయి.

"చెప్పకుంట దిగిపాయె సూడు. నేనే గోడ కోసం గూసున్న" అని నవ్వింది. వ్యాన్ ఎక్కాక ఇటు చూడలేదు.

ఆ మరుసటి ఏడు వానలు మొదలయ్యాక సంపెంగ పూసింది. కొన్ని పూలు తడిగుడ్డలో చుట్టి, టిఫిన్ డబ్బాలో పెట్టుకుని జోగిపేట బస్సెక్కాను. కరుణమ్మ మూత తీసి ముఖం దగ్గర పెట్టుకుంది.

"ఎవలు దెంపుకుంటున్రు?"

"మీ రూములల్లకు వచ్చినోళ్ళక్కా."

"దెంపుకోనీ. మస్తు పూసిందా?"

"మస్తు పూసింది."

వాళ్ళ తమ్ముడిది పెద్ద వాకిలి. ఒక్క మొక్క లేదు. పగిలిన కుండ ఒకటి గోడకు ఆనించి ఉంది; పాత కరుణమ్మ అయితే దాన్ని ఒక్కపూట కూడా ఖాళీగా ఉండనిచ్చేది కాదు.

"ఇంత జాగుంది. ఏం వెట్టలేదేందక్కా?"

ఆమె వంటింటి వైపు చూసి గొంతు తగ్గించింది.

"ఆడ కిరాయి గట్టిన తమ్మీ. పటేల్‌తోని కొట్లాడిన. ఈడ ఎవలితోని కొట్లాడాలె? తమ్ముడు మంచోడే. మరదలు గూడ ఏమనదు. ఏమనదు గనకనే అడగబుద్ధి గాదు."

ఆ తరువాత ఆమెను చూడలేదు. వాళ్ళు పుణేకే వెళ్ళిపోయారని విన్నాను. అక్కడ వాకిలి ఉందో లేదో తెలియదు.

ఇప్పుడు మాకు సొంతిల్లు ఉంది. భర్త పోయాక మా చెల్లెలు మా దగ్గరికి వచ్చింది. వచ్చిన కొత్తలోనే ఆమెను మెట్ల పక్కనున్న కాస్త మట్టి నేల దగ్గరికి తీసుకెళ్ళి, "ఈ జాగ నీది. ఏం పెట్టుకుంటవో నీ ఇష్టం. మమ్మల్ని అడగకు" అన్నాను.

"మొక్కల సంగతి నాకేం దెలుసన్నా?"

"తెల్వకపోతె ఖాళీగనే ఉంచుకో."

ఖాళీగానే ఉంచింది. ఒకసారి మా ఆవిడ అక్కడ కరివేపాకు నాటుదామని మొక్క తెచ్చి, ఏదో గుర్తొచ్చినట్టు ఆగి, చెల్లెలిని అడగడానికి లోపలికి వెళ్ళింది.