కంది సాళ్లు

కర్నూలు నుంచి కడపకు బస్సులో వస్తుంటే పక్కసీటు పెద్దాయన బైబిల్ తెరిచాడు. మొన్ననే రిటైరయ్యానని అప్పటికే ఆయన దగ్గర నోరు జారాను. రిటైర్మెంట్ చెక్కు ఉన్న సంచిని ఒళ్లోకి లాక్కున్నాను.

"దుడ్లన్నీ ఒకే తావున పెట్టొద్దప్పా. ఏడెనిమిది పాళ్లు చేసుకోమని ఇందులో ఉండాది. శెనక్కాయ చేన్లో కంది సాళ్లు ఎందుకేస్తాం? వాన ఎగ్గొట్టినా కందన్నా నిలుస్తాదని."

ఎవరో ఏజెంటే, ఇక ఫారం తీస్తాడనుకున్నాను. "మీది ఏ కంపెనీ?" అన్నాను.

"నాకు చేనుండాది, అంతే," అని నంద్యాలలో దిగిపోయాడు.

వెంటనే సంచి తడుముకున్నాను. చెక్కు ఉంది. దాని పక్కనే, సొమ్మంతా మూడేళ్లలో రెట్టింపు చేయిస్తానని మా బామ్మర్ది ఇచ్చిన ఫారం, నా సంతకంతో సహా ఉంది.

కడప బస్టాండులో కూర్చుని దాన్ని మొదటిసారి చదివాను.