కాకి ముట్టని పిండం

నా చిన్నప్పుడు, పరాయి దేశంలో, శాన్ రామన్‌లో ఉండగా మా నానమ్మ పోయింది. ఆవిడ కర్మ రోజు గుర్తొస్తే, తల నెరిసిన ఈ వయసులో కూడా నాకు ఒళ్ళు మండుతుంది.

అంతకు ముందే పక్కింటి టిబెట్ ఆంటీ పరామర్శకు వచ్చి, మాటల్లో మాటగా తన తండ్రి సంగతి చెప్పింది. వాళ్ళ ఊళ్ళో ఆయన శరీరాన్ని కొండమీద రాబందులకు పెట్టారట. ప్రాణం పోయాక మిగిలిన దేహం ఆకలిగొన్న పక్షులకు ఆఖరి దానమట. వాటి కడుపు నిండితే, ఆ పూటకి వాటికి ఎర కాకుండా ఇంకో చిన్న ప్రాణి బతుకుతుందని వాళ్ళ నమ్మకం. ఆవిడ గుమ్మం దాటగానే మా మేనత్త, "కన్నతండ్రిని పక్షులకేస్తారా? వీళ్ళసలు మనుషులేనా" అంది. నాన్న తలూపాడు.

కర్మ రోజు పెరట్లో పిండం పెట్టి అందరం కాకి కోసం నిలబడ్డాం. కాకులు వచ్చి కప్పు మీద వాలాయి గానీ దిగలేదు. "అమ్మా, ఏం లోటు చేశామే" అని నాన్న ఏడ్చాడు.

"వదిన అమ్మని సరిగ్గా టేక్ కేర్ చేసుంటే ఈపాటికి ముట్టేది అన్నయ్యా" అంది మేనత్త.

మంచాన పడ్డ నానమ్మ కోసం జాబ్ మానేసి, ఒళ్ళు తుడిచి, అన్నం తినిపించింది మా అమ్మే. ఆమె తలొంచుకుంది. నాన్న నోరు మెదపలేదు. ఆ మౌనాన్ని నేనింకా క్షమించలేదు.

కంచె అవతల నుంచి టిబెట్ ఆంటీ చూస్తూనే ఉంది. మా భాష రాకపోయినా అమ్మ ముఖం చూస్తే చాలదూ. గేటు తీసుకుని వచ్చి, తిన్నగా టమాటా మొక్కల్లోకి వెళ్ళి, పిట్టలు రాకుండా నాన్నే పాతిన ప్లాస్టిక్ గుడ్లగూబను పీకి చంకలో పెట్టుకుంది. పక్షులకు ఆకలే ఉంటుంది, మనుషుల మీద కోపాలు ఉండవని ఇంగ్లీషులో నాన్నకి చెప్పి వెళ్ళిపోయింది.

కాసేపటికి కాకులు దిగి పిండం తిన్నాయి. నానమ్మ శాంతించిందని అందరూ దండాలు పెట్టారు. అమ్మకి ఎవరూ సారీ చెప్పలేదు. పైగా ఆంటీ నడిచిన చోట నీళ్ళు చల్లమంది మేనత్త. పక్షికి మనం పెడితే పుణ్యం, వాళ్ళు పెడితే ఘోరమట.

చచ్చినవాళ్ళ పేరు చెప్పి బతికున్నవాళ్ళని పొడిచే మనుషులంటే నాకు ఆ రోజు నుంచే అసహ్యం. ఇప్పుడు ఎవరింట్లో కర్మ జరిగినా వెళ్ళి, ఆ ఇంటి కోడలి పక్కన నిలబడతాను. కాకి ఆలస్యమైతే ఆమె చెయ్యి పట్టుకుని, ఆమె వంక తప్పు పట్టినట్టు చూసే ప్రతి మొహాన్నీ సూటిగా తిరిగి చూస్తాను.