తండ్రి గడిలో నా చేతిరాత

2003 ఆగస్టు 11, సోమవారం, ఉదయం 9 గంటల 40 నిమిషాలు. తూర్పు గాలి, సన్నని జల్లు. రాజమండ్రిలో ఒక సంతాన చికిత్సాలయం వరండాలో నలుగురం కూర్చున్నాం: నా చెల్లెలి కూతురు, ఆమెతో కలిసి ఉంటున్న స్నేహితురాలు, నా కొడుకు, నేను. లాకుల దగ్గర నీటిమట్టం చూసి పుస్తకంలో ఎక్కించే ఉద్యోగం ముప్ఫై నాలుగేళ్ళు చేసినవాణ్ణి. ఈ వివరాలు జ్ఞాపకం మీద ఆధారపడి కాదు, డైరీ చూసి రాస్తున్నాను.

నా మేనకోడలూ ఆ స్నేహితురాలూ మండపేటలో ఒకే బడిలో టీచర్లు. అప్పటికి పదకొండేళ్ళుగా వాళ్ళది ఒకే ఇల్లు, ఒకే పొయ్యి. దంపతుల్లాగే బతుకుతున్నారని నాకు తెలుసు. వాళ్ళు చెప్పలేదు, నేను అడగలేదు. పదకొండేళ్ళలో వాళ్ళ తగవు ఒక్కటి కూడా నా దాకా రాలేదు. మా బంధువర్గంలో అలా చెప్పదగ్గ జంట మరొకటి లేదు.

వాళ్ళకు బిడ్డ కావాలి. దాత వీర్యంతో గర్భం నిలిపే చికిత్స ఉందని, కానీ భర్త సంతకం లేనిదే చెయ్యమని డాక్టరమ్మ చెప్పింది. భర్తగా సంతకం పెట్టమని మేనకోడలు వెళ్ళి మావాణ్ణి అడిగింది. స్వయానా బావ కనక ఎవరూ రెండో ప్రశ్న వెయ్యరని వాళ్ళకు తోచింది, నాకూ తోచింది. దస్తూరీ బాగుంటుందని ఫారం నా చేత నింపించారు. మావాడు సంతకం పెట్టి, అటునుంచి అటే మార్నింగ్ షోకి వెళ్ళాడు.

2004 జూన్ 6, ఆదివారం, ఆడపిల్ల పుట్టింది. తొమ్మిదో రోజున జనన నమోదు ఫారం కూడా నా ముందుకే వచ్చింది. స్నేహితురాలు పక్కన నిలబడి మెల్లగా అంది: “తండ్రి గడి ఖాళీగా వదిలేయండి మావయ్యగారూ. ఖాళీగా ఉంటే రేపు ఎవరూ వచ్చి అందులో కూర్చోలేరు.”

“ఆసుపత్రి కాగితంతో ఇది సరిపోవాలమ్మా,” అన్నాను. ఒక పుస్తకంలోని అంకె రెండో పుస్తకంతో కలవాలన్నది నా సర్వీసు నేర్పిన పాఠం. మావాడి పేరు రాశాను.

ఆ కాగితం చుట్టాల కంట పడింది. గుట్టుగా రిజిస్టరు పెళ్ళి జరిగిపోయిందనుకున్నారు. పదకొండేళ్ళు ఆ గడప తొక్కనివాళ్ళు, మేనరికం నిలబడిందని మురిసిపోయి పసుపు కుంకాలతో వచ్చారు.

జూన్ 26, శనివారం, బారసాల. పిల్ల పేరు స్నేహితురాలు ఎంచింది. బియ్యంలో ఉంగరంతో ఆ పేరు తనే రాయాలని మేనకోడలూ తనూ అనుకున్నారు. ఏ కాగితం మీదా చోటు లేని మనిషికి ఆ పళ్ళెమైనా దక్కాలని వాళ్ళ కోరిక. ముందురోజే ఆమె బియ్యంలో రాళ్ళేరి సిద్ధం చేసుకుంది.

పురోహితుడు తండ్రిగారిని పీట మీదకు రమ్మన్నాడు. భోజనానికి వచ్చిన మావాణ్ణి నలుగురు కలిసి తోసి కూర్చోబెట్టారు. వాడు కాదనలేదు. మా పెదనాన్న కోడలు ఉయ్యాలలోకి తొంగిచూసి, “చూశావా వదినా, ముక్కు అచ్చం వాళ్ళ నాన్నదే,” అంది. దాత ఎవరో డాక్టరమ్మకు తప్ప తెలియదు. మావాడు తన ముక్కు తడుముకుని నవ్వాడు. వరదల్లో లాకు తలుపులకు కొట్టుకొచ్చిన గేదె కళేబరాలను గెడతో తోసినవాణ్ణి నేను. ఆ నవ్వు చూసినప్పుడు పుట్టినంత రోత నాకు వాటి దగ్గర పుట్టలేదు.

వాడు ఉంగరం తీసుకుని వాళ్ళమ్మ పేరు రాశాడు. పోయిన నా భార్య పేరు. అందరూ బాగుందన్నారు. మేనకోడలు నా వైపు చూసింది. నోరు విప్పితే చికిత్స సంగతీ ఫారం సంగతీ బయటపడతాయి. పెద్దవాణ్ణి, ఆపవలసినవాణ్ణి నేను. గడియారం చూసుకున్నాను. 11 గంటల 25 నిమిషాలు. స్నేహితురాలు వంటింటి గుమ్మంలోనే నిలబడి ఉంది.

చుట్టాలు వెళ్ళాక ఆమె ఒక్కటే అడిగింది: “కాగితంలోనైనా ఆ తండ్రి పేరు మార్చించగలరా మావయ్యగారూ?”

వకీలును కలిశాను. తండ్రి పేరు తీయించాలంటే అది అబద్ధమని ముందు మేమే రాసివ్వాలన్నాడు. తీయించినా ఆమెకు ఒరిగేదేమీ లేదట. “ఇద్దరమ్మల్ని రాసే గడి ఏ చట్టంలోనూ లేదండి,” అని నవ్వాడు. అబద్ధం ఒప్పుకోవడానికి నాకు ధైర్యం చాలలేదు. ఆ రోత అప్పటి నుంచీ మావాడి మీద కంటే నా మీదే ఎక్కువ.

2009 జూన్ 15, సోమవారం, ఎండ. పిల్లను బడిలో చేర్చారు, ఆ ఇద్దరూ పాఠాలు చెప్పే బడిలోనే. తండ్రి సంతకం కోసం మావాడు వచ్చి, మోటారు సైకిలు ఆపకుండానే పెట్టి వెళ్ళాడు. పలక పట్టుకుని లోపలికి తీసుకెళ్ళింది స్నేహితురాలు.

పుట్టిన రోజుతో కలిపి ఆనాటికి 1,836 రోజులు. అందులో మావాడు పిల్లను చూసినవి నాలుగు. పిల్లకు సంబంధించిన కాగితాలు ఏడు. మావాడి పేరు ఏడింటిలోనూ ఉంది, మొదటి రెండింటిలో నా చేతిరాతతో. ఆమె పేరు ఉన్నవి సున్న.