పద్దెనిమిది డిగ్రీల దగ్గర బిగుసుకున్న లెన్సు

శుక్రవారం రాత్రి సికింద్రాబాదులో రాజమండ్రి బండి ఎక్కేసరికి క్రిస్మస్‌కి ఇంకా తొమ్మిది రోజులుంది. ఈలోగా కొత్తపేటలో దైవసహాయం మాస్టారికి ఆయన రష్యా కెమెరా తిరిగి అప్పగించాలి. రిటైరైన సైన్సు మాస్టారు ఆయన. ఏటా క్రిస్మస్ ఉదయం ఎనిమిదింటికి తమ చర్చి మెట్ల మీద అందరినీ నిలబెట్టి, ఆ కెమెరాతో, నలుపు తెలుపు ఫిల్ము మీద ఒకే ఒక్క ఫోటో తీస్తారు. తెల్ల గోడ వెనక ఆకాశం కాస్త నల్లబడాలని లెన్సుకి పసుపు ఫిల్టరు బిగిస్తారు.

పాత రైలు వంతెనల ఫోటోలు తీసుకుంటానని అక్టోబరులో అడిగితే, మారుమాట లేకుండా ఇచ్చారు. డిసెంబరు మొదటి వారంలో ఒక రాత్రి అది నా మంచం మీంచి జారి పడింది. ఎత్తు కొలిచాను, నలభై ఆరు సెంటీమీటర్లు. ఫిల్టరు పగిలింది, లెన్సు అద్దానికి గీత పడలేదు. ‘ఫిల్టరే కదా’ అనుకుని పడుకున్నాను. తెల్లవారి చూస్తే లెన్సు ఫోకస్ రింగు బిగుసుకుపోయింది. మధ్యాహ్నానికి కొంచెం తిరిగింది, మర్నాడు ఉదయం మళ్ళీ బిగిసింది.

నేను పెద్ద చదువులు చదివినవాణ్ణి కాను. కరెంటు పనుల కాంట్రాక్టరు దగ్గర అంచనాలు వేస్తాను. అంకె లేకపోతే నాకు ఏదీ బోధపడదు. అందుకని ఏడు రోజులు థర్మామీటరు పక్కన పెట్టుకుని పట్టిక రాశాను. పద్దెనిమిది డిగ్రీల దగ్గర అసలు కదలదు, ఇరవై రెండు దగ్గర బలవంతాన కదులుతుంది, ఇరవై ఏడు దాటితే వెన్నలా తిరుగుతుంది. లెన్సు లోపలి ఇత్తడి, అల్యూమినియం చలికి సమానంగా కుదించుకోవు కదా అని ఆ తేడా కూడా లెక్క వేశాను. పది డిగ్రీలకి రెండు మైక్రాన్లు వచ్చింది. అంతమాత్రానికి మర పట్టెయ్యదు. అంటే పడ్డప్పుడు లోపల మర వంగి ఉంటుందనీ, అది నా చేతుల్లో పాడయిందనీ తేల్చుకున్నాను. ఈ సంగతి మాస్టారికి చెప్పలేదు.

శనివారం ఆరుంబావుకి రాజమండ్రిలో దిగి, ఆటోలో బస్టాండుకి వెళ్ళి, ఆరు యాభైకి అమలాపురం బస్సు పట్టుకున్నాను. రావులపాలెం దాటాక బస్సు కొత్తపేటలో మూడు నిమిషాలు ఆగింది. మాస్టారు పాలకో పేపరుకో రోడ్డు మీదకి వచ్చి ఉంటారేమోనని ఆ మూడు నిమిషాలూ తల దించుకుని చెప్పుల పట్టీ సర్దుకున్నాను.

అమలాపురంలో తొమ్మిదింటికి దిగాను. పనసాకు బుట్టల్లో ఇడ్లీపిండి పోసి ఉడికించిన పొట్టిక్కలు రెండు తిన్నాను. ఇంకోటి వేయించుకునేవాణ్ణే గాని మనసు కుదురుగా లేదు. పాత ఫోటో సామాను ఉంటుందని విన్న స్టూడియో బస్టాండుకి నడిచి పది నిమిషాలు. ఇప్పుడక్కడ పాస్‌పోర్టు ఫోటోలు, ఫ్లెక్సీలు చేస్తున్నారు. పసుపు ఫిల్టరు కావాలంటే, భర్త తర్వాత దాన్ని నడుపుతున్న సత్యవతిగారు అద్దాలు నుదుటి మీదకి తోసి అడిగారు.

“నలభయ్యా, నలభై ఒకటాండీ?”

“నలభైన్నర మిల్లీమీటర్లండీ.”

“జాకెట్టు ముక్క అడిగినట్టు అరలు అడుగుతారేంటండీ,” అంటూనే లోపల్నించి ఒక బిస్కెట్ల డబ్బా తెచ్చి ముందు పెట్టారు. “మా వారు ఏదీ పారేసేవారు కాదండీ. ఏరుకోండి.”

పదకొండు ఫిల్టర్లున్నాయి. వెర్నియర్‌తో ఒక్కొక్కటే కొలిచాను. తొమ్మిది నలభైతొమ్మిదీ యాభై రెండూ సైజులవి. ఒకటి సరిగ్గా నలభై. అది ఎక్కినట్టే ఎక్కి ఊడిపోతుంది. చివరిది నలభైన్నర, పసుపు కూడా. నాలా వెతుక్కుంటూ వెళ్ళేవాళ్ళు కొలత పరికరం తప్పక తీసుకెళ్ళండి, కంటికి నలభైకీ నలభైన్నరకీ తేడా తెలియదు.

ఆ ఫిల్టరు అంచు కాస్త నొక్కుకుపోయి మర పట్టడం లేదు. సత్యవతిగారు నా తంటా చూసి, బల్ల మీది పెన్సిలు తీసి, మర చుట్టూ రుద్ది ఇచ్చారు. “మా వారు ఇలాగే చేసేవారండీ. ఇప్పుడు తిప్పండి, తొందరపడకండి.” మూడో ప్రయత్నానికి మెత్తగా దిగింది. రెండొందలు తీసుకున్నారు. సగం పని అయింది, ఇక లెన్సు బాగుచేయించడం మిగిలింది.

పన్నెండున్నరకి రాజోలు బస్సు. పక్క సీట్లో ఉప్పలగుప్తం ఆయన, రొయ్యల చెరువులు చూస్తారట. నా చొక్కా జేబులోంచి తొంగి చూస్తున్న థర్మామీటరు కనిపెట్టారు.

“ఎవరికండీ జ్వరం?”

“లెన్సుకండీ.”

“ఆయ్. నా దగ్గరా ఉందండి, చెరువుకి. చలొస్తే రొయ్య మేత మానేస్తాదండీ. మీదేం మానేసింది?”

“తిరగడం.”

“దానికీ చలేనేమో చూడండి,” అని ఆయన గన్నవరంలో దిగిపోయారు. నేను అప్పటికే రెండు మైక్రాన్ల లెక్క వేసి ఉన్నాను కాబట్టి ఆ మాట పట్టించుకోలేదు.

వెంకటరత్నంగారు మస్కట్‌లో చాలాకాలం గడియారాలు బాగుచేసి వచ్చి, రాజోలు బజారులో చిన్న దుకాణం పెట్టుకున్నారు. రెండింటికి చేరాను. కెమెరా పడ్డ ఎత్తుతో మొదలుపెట్టి అంతా చెప్పి, పట్టిక ఆయన చేతికిచ్చాను. ఆయన శ్రద్ధగా చదివారు. తర్వాత లెన్సుని ముక్కు దగ్గర పెట్టుకున్నారు.

“ఆయ్. దీనికెవరో తలంటేరండీ.”

నాకు అర్థం కాలేదు.

“కొబ్బరి నూనండీ. మీరు రాసింది లెన్సు లెక్క కాదు, మా ఇంట్లో కిటికీలో ఉండే నూనె సీసా లెక్క. ఈ నెలలో పొద్దున్నే పేరుకుంటాది, ఎండెక్కితే కరుగుతాది. మీరు హైదరాబాదులో నూనె రాసుకోరేటండీ?”

“నాకు రాసుకునేంత జుట్టు లేదండీ.”

“అదీ సంగతి,” అన్నారాయన.

పట్టిక వెనక్కి తీసుకుని చూసుకున్నాను. కెమెరా పడిన రాత్రే చలి కూడా దిగింది. ఆ రెండూ ఒక్క తేదీ ఎదుటే, నా చేతిరాతలోనే ఉన్నాయి. ఏడు రోజులు దాని కిందే అంకెలు రాశాను.

విప్పితేగాని నిజం తేలదన్నారు. ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. ఫోకస్ మర విప్పేటప్పుడు ఎక్కడ విడిపోయిందో అక్కడే మళ్ళీ పట్టించాలి. పక్క మర పడితే దూరపు వస్తువు ఇక ఎప్పటికీ స్పష్టంగా రాదు. అందుకే విడిపోయిన చోట నేను సూదితో సన్నగా గీత గీశాను. మర వంగలేదు. దాని నిండా పాత గ్రీజుతో కలిసి, నానిన లక్స్ సబ్బులా జిగటగా నూనె మడ్డి ఉంది. ఆయన పెట్రోలుతో కడిగి, ఆరబెట్టి, అగ్గిపుల్ల కొసకి వచ్చేంత గ్రీజు రాసి, గీతకి గీత కలిపి బిగించారు.

నాలుగున్నరకి కెమెరా వెనక మూత తీసి, ఫిల్ము ఉండే చోట ట్రేసింగ్ కాగితం అంటించి, షట్టరు తెరిచిపెట్టి, కాలవ అవతలి సెల్ టవరు వైపు చూశాను. తలకిందుల టవరు కడ్డీకి కడ్డీ స్పష్టంగా పడింది. అయినా నాకు నమ్మకం చాల్లేదు. దుకాణంలో అప్పుడు ఇరవై ఎనిమిది డిగ్రీలు. బాగుచెయ్యక ముందు కూడా అంత వేడిలో తిరిగేదే కదా.

ఆ రాత్రి అమలాపురంలో లాడ్జిలో దిగి, కిటికీ తెరిచి, లెన్సుని గుడ్డలో చుట్టి గూట్లో పెట్టి పడుకున్నాను. ఆదివారం ఉదయం అయిదూ నలభైకి లేచాను. థర్మామీటరు పద్దెనిమిదిన్నర చూపిస్తోంది. రింగు మీద రెండు వేళ్ళు పెట్టాను. తిరిగింది. ఆ చివరికి తిప్పి, మళ్ళీ ఈ చివరికి తిప్పాను. వెళ్ళి టీ తాగి వచ్చి ఇంకోసారి తిప్పాను.

ప్రార్థన ముగిసే వేళకి, పదకొండున్నరకి, కొత్తపేటలో దిగాను. మాస్టారు వసారాలో కూర్చోబెట్టారు. నేను మంచినీళ్ళు ముట్టుకోకుండా చెప్పేశాను. “మాస్టారూ, కెమెరా పడేశానండీ. మీ ఫిల్టరు పగిలింది. ఇది వేరేది.”

ఆయన కొత్త ఫిల్టరు కేసి చూడలేదు. రింగు తిప్పి చూశారు. మళ్ళీ తిప్పారు. తర్వాత వంటింటి వైపు చూసి గొంతు తగ్గించారు.

“నేనే మీకొకటి చెప్పాలండీ. వేసంగిలో ఇది గట్టిగా ఉందని రెండు చుక్కలు కొబ్బరి నూనె వేసేను. మా తలుపు బందులకీ అదే, కుట్టు మిషనుకీ అదే. మొన్న చలి రాగానే గుర్తొచ్చింది. అక్కడ మీకు బిగుసుకుపోయి ఉంటాదని తెలుసు. ఫోను చెయ్యడానికి మొహం చెల్లలేదండీ. నలభయ్యేళ్ళు పిల్లలకి ఘనీభవనం పాఠం చెప్పినవాణ్ణి.”

లోపల్నించి ఆయన భార్య అన్నారు, “రెండు చుక్కలేటండీ, చెంచాడు పోసేరు.”

కెమెరా డబ్బాలో చెమ్మ చేరకుండా ఆయన వేయించిన బియ్యం మూట ఉంచుతారు. దాన్ని నెలకోసారి మారుస్తారట. ఆ పద్ధతి బాగుంది, లెన్సు అద్దంలో ఎక్కడా బూజు లేదు. రాజోల్లో దీపం పెట్టి చూసిన మాట చెబితే ఆయన ముఖం విప్పారింది. కొరమేను పులుసుతో భోజనం పెట్టారు. ఈసారి అన్నీ మారు వేయించుకున్నాను.

రెండుంబావుకి బస్సు ఎక్కేటప్పుడు అమ్మగారు సొంత గానుగ కొబ్బరి నూనె లీటరు సీసా చేతిలో పెట్టారు. “తలకే రాసుకోండి,” అన్నారు మాస్టారు.

రాజమండ్రిలో సాయంత్రం బండి దొరికింది, పై బెర్తు. సంచిలో కెమెరా లేదు కాబట్టి దాన్ని తలకింద పెట్టుకోనక్కరలేదు. రెండు వారాల్లో మొదటిసారి మధ్యలో మెలకువ రాలేదు. తెల్లవారి సికింద్రాబాదు దగ్గరపడుతుంటే లేచి, అలవాటుగా జేబులో థర్మామీటరు తీశాను. పదిహేడు. సంచిలోంచి నూనె సీసా తీసి తలకిందులు చేశాను. తెల్లగా గడ్డకట్టి, అడుగునే అంటుకుని, కాస్తయినా జారలేదు.