నెల తప్పలేదు, నెలసరి ఆగింది

రాధికకు మొదటి కాన్పు కష్టమైంది. పెద్దాపరేషన్ చేసి పాపను తీశారు, రక్తం బాగా పోయింది. మూడేళ్లదాకా మళ్లీ కడుపు రావద్దని దవాఖానలో గట్టిగా చెప్పారు. రోజూ గుర్తుపెట్టుకుని గోళీ మింగడం తనవల్ల కాదనుకుని, మూడు నెలలకోసారి వేసే సూదికి ఒప్పుకుంది. ఆమె సిరిసిల్లలో ఒక మరమగ్గాల షెడ్డులో కండెలకు నూలు చుట్టేది. భర్త శ్రీశైలం అక్కడే మగ్గాలు నడిపేవాడు. సూది సంగతి ఆ ఇద్దరికే తెలుసు.

మొదట్లో వేళాపాళా లేకుండా మరకలు కనిపించేవి. మూడో సూది పడ్డాక అవీ ఆగిపోయాయి. ఇట్లా అవుతుందని నర్సు ముందే చెప్పింది గానీ, ఒళ్లో పాప ఏడుస్తుంటే రాధిక సగమే విన్నది. రెండు నెలలు చూసి, మెడికల్ షాపులో పరీక్ష పట్టీ కొని చూసుకుంది. ఒకటే గీత వచ్చింది. కడుపు కాదు. మరి నెలనెలా పోవాల్సిన రక్తం ఎటు పోతున్నట్టు?

ఇంట్లో అత్త లసుమవ్వ కనిపెట్టింది.

"నీళ్లోసుకున్నవా బిడ్డా?"

రాధిక ఉన్నదున్నట్టు చెప్పింది. లసుమవ్వ కోప్పడలేదు. ముఖం మాత్రం పాలిపోయింది.

"లోపలనే గడ్డ కడితె పాణం మీదికొస్తది. మా చెల్లె భూమవ్వ గట్లనే పాయె."

తెల్లారి నుంచి బొప్పాయి గింజలు, నువ్వులు, బెల్లం వేసి కషాయం కాచి తాగించింది. నాలుగు రోజులు వాంతులయ్యాయి తప్ప మరేమీ కాలేదు. ఐదో రోజు షెడ్డులో కళ్లు తిరిగి కూలబడిన భార్యను చూసి శ్రీశైలం అన్నాడు: "రేపు దవాఖానకు పోదాం. అవ్వను సుత తోల్కపోదాం. అడిగేది ఆమెనే అడుగనీ."

నర్సు సునంద ముందు కషాయం మాన్పించింది. తర్వాత లసుమవ్వ వైపు తిరిగి కూర్చుంది.

"పెద్దమ్మా, నెలనెలా గర్భసంచిల పొర మందంగ పెరుగుతది. గుడ్డు ఇడుదలైతది. కడుపు పడకుంటె ఆ పొర రక్తంతోని ఊడొస్తది. గదే ముట్టు. గీ సూది గుడ్డును ఇడువనియ్యది, పొరను పెరగనియ్యది. పెరగనిది ఏం ఊడుతది?"

"మరి మా చెల్లె?"

"ఆమెకేమైందో నేను జెప్పలేను. గీ పిల్లకైతె లోపల రక్తం ఆగలే. అసలు తయారే కాలే."

ఇంటికొచ్చాక లసుమవ్వ మిగిలిన కషాయం మోరీలో పారబోసింది.

పన్నెండు సూదుల తర్వాత, రెండో బిడ్డ కావాలనుకుని రాధిక మానేసింది. మానగానే నెలసరి వస్తుందనుకుంది. రాలేదు. గుడ్డు మళ్లీ విడుదల కావడానికి చివరి సూది నుంచి పది నెలల దాకా, కొందరికి ఇంకా ఎక్కువ పడుతుందని సునంద చెప్పింది. ఏడో నెలలో రాధిక ధైర్యం చెడింది.

"ఇగ నాకు పిల్లలు కారేమో అత్తమ్మా."

"నర్సమ్మ పది నెల్లన్నది గద. ఏడుకే ఏడుస్తవేంది?" అంది లసుమవ్వ.

తొమ్మిదో నెలలో కోరుట్లలో చుట్టాల పెండ్లికి పోయారు. తలంబ్రాలు జరుగుతుండగా నడుము లాగింది. రాధిక అనుమానంగా లేచి వెళ్లి చూసుకుని, తిరిగొచ్చి అత్త చెవిలో చెప్పింది. ముట్టయిన ఆడదాన్ని పందిట్లో అడుగుపెట్టనిచ్చే మనిషి కాదు లసుమవ్వ. ఏం వినాల్సి వస్తుందోనని రాధిక బెదురుతూ నిలబడింది. లసుమవ్వ చెప్పులేసుకుని బజారుకు పోయి, కొంగు చాటున ప్యాడ్ల ప్యాకెట్ పట్టుకుని వచ్చింది.

"మార్చుకోని రా. బంతి లేస్తున్నది, అన్నం తిందాం."

ఎవరికీ ఏమీ చెప్పలేదు. కోడలిని పక్కన కూర్చోబెట్టుకుని, వడ్డించేవాళ్లను పిలిచి ఆమె విస్తట్లో ఇంకో లడ్డు వేయించింది.