కూత తెగకుండా

నిన్న సిటీ బస్సులో నా పక్కన కూర్చున్న పెద్దావిడ మోకాలికి నొప్పుల మందు రాసుకుంది. ఆ ఘాటు ముక్కుకు తగలగానే సగం టైపు చేసిన మెసేజి వదిలేసి తలెత్తాను. షమీమ్ మేడమ్ దగ్గర్లోనే ఉన్నారనిపించింది. ఐదేళ్ల క్రితం గుణదలలో మా కాలేజీ గ్రౌండుకు పొద్దున్నే ఆ వాసన మా కంటే ముందు వచ్చి ఉండేది.

ఆవిడ మా కబడ్డీ కోచ్. తొంభైల్లో యూనివర్సిటీ జట్టుకు ఆడారట. ఎడమ కాలు కాస్త ఈడ్చి నడిచేవారు. ఎందుకని అడిగే ధైర్యం మాకెవరికీ లేదు. నేను పటమట పిల్లని, మాటపడే రకం కాదు. ఆటో అతనితోనో కండక్టరుతోనో గొడవ పడకుండా ఇల్లు చేరిన రోజులు తక్కువ. మొదటి ఏడాది కాలేజీల పోటీలో మేం ఒక్క పాయింటు వెనకబడి ఉండగా ఆఖరి రైడ్‌కు నన్ను పంపారు. ఒకే ఊపిరిలో 'కబడ్డీ కబడ్డీ' అని కూత పెడుతూ అవతలి వాళ్ళలో ఒకరినైనా తాకి వెనక్కి రావాలి. కూత ఆగితే అవుట్. మూలనున్న అమ్మాయి నవ్వుతూ, "ఏంటే, డాన్సు క్లాసనుకుని వచ్చావా?" అంది.

"నీకెందుకే," అన్నాను. విజిల్ పడింది. మ్యాచ్ పోయింది.

"ఏమన్నావమ్మా దాన్ని?" అని అడిగారు మేడమ్.

"నీకెందుకే అన్నానండీ."

"మంచిమాటే. గీత దాటి ఇవతలికొచ్చి అనుంటే నేనూ ఓ రెండు కలిపేదాన్ని."

అందరూ నవ్వారు. నాకు ఏడుపొచ్చింది. ఇంటికెళ్తే నాన్న, "వచ్చే ఏడు యూనివర్సిటీ టీములోకి రాకపోతే ఆట కట్టిపెట్టు. గ్రౌండులో కూడా గొడవలేనా," అన్నారు. ఆయన అన్నమాట మీద నిలబడే మనిషి.

మర్నాటి నుంచి మేడమ్ కొత్త పద్ధతి పెట్టారు. నేను కూత పెట్టగానే మిగతావాళ్ళంతా నన్ను ఎగతాళి చెయ్యాలి. నా స్నేహితురాలు సుజాత ఆ పని ఎంత ఇష్టంగా చేసేదో. "నిన్న ఫోన్లో ఎవరే అంతసేపు?" అని మొదలుపెట్టేది. నా ఫోన్ని మేడమ్ గీత పక్కనే పెట్టించి, రైడ్ మధ్యలో తనే రింగ్ ఇచ్చేవారు. తల తిప్పితే గ్రౌండు చుట్టూ రెండు రౌండ్లు. మొదటి వారం ఆట కంటే పరుగే ఎక్కువైంది. ఓ రోజు, "నా వల్ల కాదండీ," అని కూలబడ్డాను. మేడమ్ కాలు చాపుకుని నా పక్కన మెల్లగా కూర్చున్నారు.

"నాకూ ఇంతే ఉండేదమ్మా కోపం. ఫైనల్లో మోకాలు బెణికి పక్కన కూర్చున్నా. అవతలోళ్ళు నవ్వారని, మా సార్ వద్దంటున్నా కట్టు కట్టుకుని మళ్ళీ దిగా. ముగ్గురు కలిసి పట్టేశారు. అదే నా ఆఖరాట." మోకాలు రాసుకుంటూ, "నవ్విన పిల్ల పేరు కూడా ఇప్పుడు గుర్తులేదు," అన్నారు.

రెండో ఏడు యూనివర్సిటీ సెలక్షన్స్‌లో అప్పటికే రెండుసార్లు పట్టుబడ్డాను. ఇంకొక్క రైడ్ మిగిలింది. కూత పెట్టి వెళ్ళాను. అవతలి అమ్మాయి, "మీ కుంటి మేడమ్ నేర్పిందా ఇది?" అంది. మొహం భగ్గుమంది. గొంతులో మాత్రం కబడ్డీ తప్ప ఇంకో మాటకు చోటు లేదు. చెయ్యి చాచి దాని భుజం తాకి, వెనక్కి దూకి గీత మీద పడ్డాను. ఇక ఏమైనా అనొచ్చు. ఏడాది పాటు దాచుకున్న తిట్లున్నాయి. లేచి వెనక్కి తిరిగాను. ఆ పిల్ల తలొంచుకుని బయటికి నడుస్తోంది. తిట్లన్నీ అలాగే ఉంచుకుని వెళ్ళి మావాళ్ళ పక్కన నిలబడ్డాను.

జాబితాలో ఆఖరి పేరు నాది. వినగానే వెళ్ళి మేడమ్ పక్కన కూర్చున్నాను.

"అది ఏమందో విన్నారాండీ?"

"కాలు కుంటిదమ్మా, చెవులు బానే ఉన్నాయి." నా ఫోన్ తీసి చేతిలో పెట్టారు. "ముందు మీ నాన్నగారికి ఫోన్ చెయ్యి. పొద్దుటి నుంచి నాలుగుసార్లు నాకే చేశారు పాపం."

ఇప్పుడు నా ఉద్యోగం ఫోన్లో జనం ఫిర్యాదులు వినడం. కోపం తగ్గిందని నా గురించి ఎవరూ అనరు. కానీ ఎవరైనా నోటికొచ్చినట్టు అంటుంటే పెదవులు కదపకుండా లోపల కూత పెట్టుకుంటాను. ఆ ఊపిరి అయ్యేసరికి చాలామంది తిట్టడం ఆపేసి, "ఉన్నారాండీ లైన్లో?" అని అడుగుతారు.

"ఉన్నానండీ, చెప్పండి," అంటాను.